రథం ఎందుకు కదలలేదు?

పెరట్లో ఉన్న రుబ్బురోలును చూపించి, "దీని మీద ఎన్ని బలాలు పనిచేస్తున్నాయి?" అని అడిగితే చాలామంది పిల్లలు నవ్వుతారు. కదలకుండా మెదలకుండా పడి ఉన్న రోలు మీద బలమేమిటని వాళ్ల ఉద్దేశం. పెద్దవాళ్లు పైకి నవ్వరుగాని, వాళ్ల ఉద్దేశమూ అదే.

నిజానికి ఆ రోలును భూమి రాత్రింబగళ్లు కిందికి లాగుతూనే ఉన్నది. ఆ లాగుడునే మనం బరువు అంటాం. రోలు కింద ఉన్న నేల దాన్ని సరిగ్గా అంత బలంతోనూ పైకి నెడుతున్నది. రెండు బలాలూ సమానం, దిక్కులు మాత్రం ఎదురెదురు. అందుచేత ఒకదాని పని ఇంకొకటి చెల్లగొట్టేస్తున్నది. ఇలాంటివాటిని సమతుల్య బలాలంటారు. నేల నెట్టటమేమిటని సందేహం వస్తే అదే రోలును బురదలో పెట్టి చూడండి. మెత్తటి బురద అంత గట్టిగా నెట్టలేదు గనక రోలు దిగబడుతుంది. కొంత లోతుకు దిగి, అడుగున గట్టిమట్టి తగిలాక ఆగుతుంది. చెట్టున వేలాడే మామిడికాయ సంగతీ ఇంతే. తొడిమ దాన్ని పైకి లాగి పట్టుకున్నంతకాలం కాయ చెట్టునే ఉంటుంది. పండి తొడిమ ఊడిందా, భూమి లాగుడు ఒక్కటే మిగులుతుంది. దానికి ఎదురు లేదు. అది అసమతుల్య బలం. పండు కిందికి వస్తుంది. వస్తున్నకొద్దీ దాని వేగం పెరుగుతుంది కూడా.

ఈ సంగతులు నేను పుస్తకంలో చదవకముందే, పదేళ్ల వయసులో, ఒక రథం దగ్గర కళ్లారా చూశాను.

అది 1963వ సంవత్సరం. మా అమ్మమ్మగారి ఊళ్లో ఏటా స్వామివారి కల్యాణం మర్నాడు రథం లాగేవారు. చాలా పెద్ద రథం. మనిషెత్తు చెక్క చక్రాలు, వాటి మీద అంతస్తులు, అన్నిటికన్నా పైన గుమ్మటం, దానికి రంగు రంగుల గుడ్డలు. ముందు రెండు మోకులు కట్టేవారు. ఒక్కొక్క మోకు నా కాలి పిక్కంత లావుండేది. ఊళ్లో మగవాళ్లంతా లాగేవారు. మాబోటి పిల్లలం మోకు చివర పట్టుకుని, రథాన్ని మేమే లాగుతున్నామనుకునేవాళ్లం.

చెరువు అవతల ఒక పేట ఉండేది. ఆ పేటవాళ్లను అంతవరకూ మోకు ముట్టుకోనిచ్చేవారు కారు. వాళ్లు దూరంగా నిలబడి దణ్ణం పెట్టుకుని పోవలసిందే. ఆ ఏడు ఊళ్లో కొందరు యువకులు, మా చిన్నమామయ్య వాళ్లలో ఒకడు, పేటవాళ్లు కూడా మోకు పట్టవలసిందేనని పట్టుపట్టారు. నెల రోజులపాటు వాదాలు జరిగాయి. చివరకు పెద్దలు అయిష్టంగానే ఒప్పుకున్నారు. ఆ రోజు పేటనుంచి ముప్పైమందిదాకా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి ఎడమ మోకు పట్టుకున్నారు. వాళ్లలో నా ఈడు కుర్రవాడొకడు తండ్రి పక్కన నిలబడి రెండు చేతులా మోకును కావలించుకున్నాడు.

ముందు రాత్రి పెద్ద వాన కురిసింది. తెల్లవారేసరికి తెరిపి ఇచ్చింది.

డప్పులు మోగాయి. అందరూ "గోవిందా!" అని ఒక్క కేక పెట్టి లాగారు. మోకులు కర్రల్లాగా బిగుసుకున్నాయి. రథం మాత్రం కదలలేదు. మళ్లీ లాగారు. గుమ్మటం మీది గుడ్డలు కొంచెం ఊగాయి, అంతే. మూడోసారి లాగేసరికి చాలామంది కాళ్లు జారి వెనక్కి పడ్డారు.

అప్పుడొక పెద్దమనిషి, "నేను ముందే చెప్పాను! ఎవరుపడితే వాళ్లు మోకు పడితే స్వామి కదులుతాడా?" అన్నాడు.

ఆ మాట గుంపులో ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది. "పేటవాళ్లు మోకు వదలాలి" అని నలుగురైదుగురు కేకలు వేశారు. మా చిన్నమామయ్య మొహం ఎర్రబడింది. ఆ కుర్రవాడు తండ్రి మొహంలోకి చూశాడు. తండ్రి ఏమీ అనలేదు. చేతులు మోకు మీదనే ఉన్నాయిగాని పట్టు సడలింది. డప్పులు కొట్టేవాళ్లు కూడా ఆ పేటవాళ్లేననీ, వాళ్లు ఏటా రథానికి ముందే నడుస్తారనీ ఆ పెద్దమనిషికి గుర్తు రానట్టుంది.

రథం కింద ఉండి చక్రాలకు దిమ్మలు వేసే పని వడ్రంగి తాతది. ఆయన అరవై ఏళ్లవాడు, తక్కువ మాట్లాడే మనిషి. అంతసేపూ చక్రాల దగ్గర వంగి చూస్తున్నవాడల్లా లేచి వచ్చి, "అయ్యా, వాళ్లు వదిలితే ముప్పైమంది బలం తగ్గిపోతుంది. కదలని బండిని కదిలించటానికి బలం తగ్గించుకుంటామా? ముందు ఇటు వచ్చి ఈ చక్రం చూడండి" అన్నాడు.

కుడివైపు ముందు చక్రం జానెడు లోతున దిగబడి ఉన్నది. రాత్రంతా తడిసిన మట్టిలో, అంత బరువు కింద, అది తన గుంట తానే తవ్వుకున్నది. లాగినప్పుడల్లా చక్రం ముందున్న మట్టి గట్టులాగా లేచి అడ్డుపడుతున్నది. పేటవాళ్లు లాగుతున్న ఎడమవైపు చక్రాలు శుభ్రంగా రాతినేల మీద ఉన్నాయి!

వడ్రంగి తాత పార తెప్పించి చక్రం ముందు మట్టిని ఏటవాలుగా చెక్కించాడు. దాని మీద రెండు తాటిచెక్కలు పరిపించాడు. చక్రం వెనక ఒక దూలం దూర్చి, దాన్ని పైకెత్తటానికి నలుగురిని పెట్టాడు. తరవాత అందరితోనూ, "తలా ఒకసారి లాగితే లాభం లేదు. డప్పు మీద దెబ్బ పడ్డప్పుడు అందరూ ఒక్కసారే లాగండి. ఎవరూ మోకు వదలకండి" అన్నాడు.

డప్పు మోగింది. రథం కిర్రుమని కదిలింది. అందరికన్నా బిగ్గరగా "గోవిందా" అన్నది ఆ పెద్దమనిషే. మరుసటి ఏడు మోకు ఎవరు పట్టాలనే విషయమై ఊళ్లో ఎవరూ వాదించలేదు.

ఇక్కడ జరిగినదేమిటో లెక్క వేసి చూద్దాం. రథం బరువు 10 టన్నులనుకుందాం. లాగినవాళ్లు 120 మంది, ఒక్కొక్కరూ 10 కిలోల బరువు ఎత్తటానికి కావలసినంత బలంతో లాగారనుకుందాం. మొత్తం 1,200 కిలోల లాగుడు. అయినా రథం కదలలేదంటే ఏమిటి అర్థం? దాన్ని వెనక్కి పట్టే బలం కూడా సరిగ్గా 1,200 కిలోలేనన్నమాట. ఆశ్చర్యమేమంటే, అరవైమందే లాగి ఉంటే ఎదురు బలం కూడా 600 కిలోలే ఉండేది. ఎవరూ లాగకపోతే అది సున్న. నేలా, మట్టిగట్టూ ఇచ్చే ఈ ఎదురు బలం మనం ఎంత పెడితే అంతే తిరిగి పెడుతుంది. కాని దానికీ ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటిందాకా మన కష్టం పైకి కనిపించదు. అందుకే బరువైన బీరువాను ఒకడు తోసి, ఇద్దరు తోసి, "లాభం లేదు" అనుకుంటారు. మూడోవాడు చెయ్యి వెయ్యగానే అది కదులుతుంది. ఆ మూడోవాడు నా గొప్పే అనుకుంటాడు!

వడ్రంగి తాత చేసిన పని ఆ హద్దును కిందికి దించటం. గట్టు పోయాక, రథాన్ని వెనక్కి పట్టే బలం 500 కిలోలకు తగ్గిందనుకుందాం. ముందుకు 1,200, వెనక్కి 500. తేడా 700. ఈ మిగిలిన బలాన్ని నికర బలం అంటారు. 10 టన్నుల రథాన్ని 700 కిలోల నికర బలం లాగితే, రెండు సెకన్లలో అది మనిషి నడిచే వేగం అందుకుంటుంది. సెకనుకు సుమారు 1.4 మీటర్లు. కావాలంటే మీ సైన్సు మాస్టారి చేత లెక్క కట్టించి చూడండి.

అసలు చిక్కు ఆ తరవాతనే వస్తుంది. రథం వీథిలో పడి నింపాదిగా, ఒకే వేగంతో సాగుతున్నదనుకోండి. ఇప్పుడు దాని మీద నికర బలం ఎంత? ముందుకు పోతున్నది గనక ముందుకు లాగే బలమే ఎక్కువగా ఉండాలని మనకు తోస్తుంది. కాని అలా ఉంటే రథం వేగం ఇంకా ఇంకా పెరగాలి. పెరగటం లేదు. తగ్గటమూ లేదు. అంటే ముందుకు లాగే బలమూ, ఇరుసుల రాపిడీ నేల రాపిడీ కలిసి వెనక్కి పట్టే బలమూ సమానంగా ఉన్నాయి. ముందుకు 500, వెనక్కి 500. నికర బలం సున్న! రథం కదలకుండా ఉన్నప్పుడూ సున్నే, సమవేగంతో సాగుతున్నప్పుడూ సున్నే.

ఇది మింగుడు పడటం కష్టమే. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో, గ్రీకుదేశపు మహామేధావి అరిస్టాటిల్ కూడా, కదిలే వస్తువును ఏదో ఒకటి సదా నెడుతూ ఉంటేనే అది కదులుతుందనుకున్నాడు. ఆయన చూసిన బండ్లూ పడవలూ అన్నీ లాగటం మానగానే ఆగిపోయాయి మరి. వాటిని ఆపుతున్నది రాపిడి అనీ, అది కూడా ఒక బలమేననీ తట్టలేదు. ఇటలీలో గెలీలియో నున్నటి ఏటవాలు పలకల మీద గుండ్లు దొర్లించి చూసి, రాపిడి తగ్గినకొద్దీ గుండు ఇంకా ఇంకా దూరం పోతుందనీ, రాపిడి బొత్తిగా లేకపోతే ఆగవలసిన కారణమే లేదనీ గ్రహించాడు. ఈ సంగతులన్నీ ఆయన ముసలితనంలో, గృహనిర్బంధంలో ఉండి రాసిన పుస్తకం 1638లో అచ్చయింది. తరవాత ఇంగ్లండులో న్యూటన్ 1687లో ప్రకటించిన గ్రంథంలో దీన్ని మొట్టమొదటి సూత్రంగా పెట్టాడు: నికర బలం లేనంతకాలం, ఉన్న వస్తువు ఉన్నచోటనే ఉంటుంది, పోయే వస్తువు అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుంది. క్యారంబోర్డు మీద పౌడరు చల్లేవాళ్లు గెలీలియో పేరు వినకపోయినా ఆయన మాటే పాటిస్తున్నారు.

వడ్రంగి తాతకు ఈ పేర్లేవీ తెలియవు. కాని చెరువుగట్టు దగ్గర వీథి పల్లానికి తిరిగే చోట మోకులు వదులైనా రథం వేగం పుంజుకుంటుందని ఆయనకు తెలుసు. అక్కడ ముందువాళ్లను లాగవద్దని, వెనక కట్టిన మోకులను మనుషుల చేత బిగించి పట్టించేవాడు. చక్రం కింద వేసే దిమ్మలు కూడా చదరంగా ఉండేవి కావు. ముందు సన్నగా, వెనక లావుగా చెక్కినవి. చదరపు దిమ్మ వేస్తే చక్రం ఠక్కున ఆగుతుంది, కాని పైనున్న గుమ్మటం ఆగదు, అది ముందుకే పోవాలని చూస్తుంది. ఎత్తయిన రథం బోర్లాపడటానికి అంతకన్నా ఏం కావాలి? సన్నటి అంచు చక్రం కిందికి పోయి, కాస్త కాస్తగా వేగం చంపుతుంది. బస్సు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలటం మీరు చూసే ఉంటారు. తూలేవాళ్లను ఎవరూ ముందుకు తొయ్యలేదు. వాళ్లు అంతకు ముందు పోతున్నట్టే పోతున్నారు, బస్సు ఆగిపోయింది, అంతే.

సమాన బలాల సంగతికి ఇంకొక గొప్ప తమాషా ఉన్నది. జర్మనీలో మాగ్డెబర్గ్ నగరాధిపతి ఆటో ఫాన్ గెరిక్ 1657లో, సుమారు అరమీటరు అడ్డం ఉన్న రెండు రాగి అర్ధగోళాలను ఒకదానితో ఒకటి చేర్చి, లోపలి గాలి తోడేయించాడు. ఆ గోళానికి ఇటు 8 గుర్రాలు, అటు 8 గుర్రాలు కట్టి లాగించాడు. బయటి గాలి ఆ రెండు చిప్పలనూ సుమారు 2 టన్నుల బలంతో అదిమి పట్టింది. గుర్రాలు వాటిని ఊడదియ్యలేకపోయాయి. చూసినవాళ్లంతా పదహారు గుర్రాల బలం వృథా అయిందని ఆశ్చర్యపోయారు. కాని ఒక్క వైపున 8 గుర్రాలు కట్టి, రెండో వైపును ఒక పెద్ద చెట్టుకు కట్టినా ఫలితం అదే! గుర్రాలు ఎంత లాగితే చెట్టూ అంతే వెనక్కి లాగుతుంది. రెండో వైపు గుర్రాలు చేసిన పని, గోళాన్ని మొదటి గుర్రాలు ఈడ్చుకుపోకుండా ఆపటమే. తాడు లాగే పోటీలో రెండు పక్షాలూ సమానంగా ఉన్నప్పుడు నడిమి గుర్తు కదలకపోవటం కూడా ఇలాంటిదే. ఆ పోటీలో చేతుల కన్నా కాళ్లు ముఖ్యం. నేలను ఎవరు గట్టిగా తన్ని పట్టగలరో వాళ్లకే గెలుపు. నున్నటి అరుగు మీద మేజోళ్లతో నిలబెడితే వస్తాదు కూడా ఓడిపోతాడు.

ఇక వానచినుకు. మబ్బు కిలోమీటరు ఎత్తున ఉన్నదనుకుందాం. అక్కణ్ణించి గాలి అడ్డం లేకుండా పడితే చినుకు మన తలను తాకేసరికి గంటకు 500 కిలోమీటర్ల వేగం ఉంటుంది. అప్పుడు గొడుగు గాదు గదా పెంకుటిల్లు కూడా ఆగదు. అదృష్టవశాత్తు చినుకు వేగం పెరిగినకొద్దీ గాలి అడ్డం కూడా పెరుగుతుంది. కాసేపటికి చినుకు బరువూ గాలి అడ్డమూ సమానమైపోతాయి. అక్కణ్ణించి వేగం పెరగదు. ఎంత పెద్ద చినుకైనా సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో వస్తుంది. సన్నటి తుంపర ఇంకా నెమ్మదిగా వస్తుంది. సమతుల్య బలాలు పనిచేస్తూండగా వస్తువు హాయిగా ప్రయాణం చెయ్యగలదనటానికి వాన కన్నా మంచి సాక్ష్యం నాకు కనిపించదు.

మన శ్రీహరికోటనుంచి 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకుపోయిన రాకెట్టు బరువు సుమారు 640 టన్నులు. దాని ఇంజన్లు సరిగ్గా 640 టన్నుల బలంతో మాత్రమే నెట్టి ఉంటే, అది నిప్పులు కక్కుతూ ఉన్నచోటనే ఉండేది. అంతకన్నా ఎక్కువ నెట్టాయి గనకనే లేచింది. ఆగస్టు 23న చంద్రుడి మీద దిగే వేళ చిక్కు తలకిందులైంది. దిగుతున్న నౌక వేగం తగ్గాలంటే ఇంజన్లు దాని బరువు కన్నా ఎక్కువ బలంతో పైకి నెట్టాలి. పైకి నెట్టటమంటే పైకి పోవటం కాదు, దిగే వేగం తగ్గటం! చంద్రుడి నేలకు సుమారు 150 మీటర్ల ఎత్తున అది కొన్ని సెకన్లపాటు గాలిలో గద్ద నిలిచినట్టు నిలబడి, అడుగున బండలూ గుంటలూ ఉన్నాయేమో చూసుకున్నది. (గాలిలో గద్ద అన్నానుగాని, అక్కడ గాలి లేదు.) ఆ కొన్ని సెకన్లూ ఇంజన్ల బలమూ నౌక బరువూ సరిసమానం. టెలివిజను ముందు కూచుని ఆ దృశ్యం చూస్తూ నేను ఊపిరి బిగపట్టిన మాట నిజం.

ఈ మధ్య మా వీథి పిల్లలకు ఒక ఆట చూపించాను. మీరూ చెయ్యవచ్చు. దారం అయిపోయిన రీలును పొడుగాటి పెన్సిలుకు గుచ్చి, పెన్సిలును రెండు కుర్చీల వీపుల మీద అడ్డంగా పెట్టి కట్టాలి. రీలు మీదుగా బారెడు దారం వేసి, రెండు చివరలా రెండు ఖాళీ అగ్గిపెట్టెలు కట్టి, ఒక్కొక్కదానిలో అయిదేసి రూపాయి బిళ్లలు వెయ్యాలి. బరువులు సమానం. ఇప్పుడు ఒక పెట్టెను పైకీ, రెండోదాన్ని కిందికీ జరిపి పట్టుకుని, "వదిలితే ఏమవుతుంది?" అని అడిగాను. దాదాపు అందరూ, "రెండూ ఒక ఎత్తుకు వస్తాయి" అన్నారు. వదిలాను. పెట్టెలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి! పిల్లలు నేను దారం ముడివేశానేమోనని వెతికారు.

బలాలు సమానంగా ఉంటే చాలు, ఎత్తులు సమానంగా ఉండనవసరం లేదు. తక్కెడ సంగతి వేరు. దాని కాడను వేలాడదీసే చోటు కాస్త పైకి ఉండటం చేత అది సమంగా నిలబడుతుంది. రీలుకు అలాంటి ఏర్పాటు లేదు. ఒక పెట్టెను మెల్లిగా కిందికి తోసి వదిలితే అది కొంత దూరం పోయి, రాపిడి వల్ల ఆగిపోతుంది. ఒక పెట్టెలో ఇంకొక బిళ్ల వేసినా కదలకపోవచ్చు, రాపిడి ఆ కాస్త తేడాకూ సరిపోతుంది. రెండు వెయ్యండి, మూడు వెయ్యండి. ఒక బిళ్ల దగ్గర పెట్టె కదిలి, జోరు పెంచుకుంటూ కిందికి జారుతుంది. ఎన్ని బిళ్లల తేడాకు కదిలిందో కాగితం మీద రాసుకోండి. తరవాత పెన్సిలుకు కొవ్వొత్తి మైనం బాగా రుద్ది, మళ్లీ మొదటినుంచీ చేసి చూడండి.